లక్షణమా? నిర్వచనమా? – సెప్సిస్‌ను గుర్తించే ప్రమాణాలపై కొన్ని మాటలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన ఆరోగ్య సదస్సులో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

75 ఏళ్ల పండుగ వేళ మంగళకరమైన విషయమేదైనా మాట్లాడక, ఒక ప్రాణాంతకమైన వ్యాధిని గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అందులోనూ నేను వైద్యురాలిని కాను, పాఠం చెప్పుకొని బ్రతికేదాన్ని. అయినా ఈ అంశాన్ని నేనే కోరి ఎంచుకున్నాను. కారణం ఈ పాఠశాల ఆవరణలోనే జరిగిన ఒక సంఘటన. దానిని ముందుగా మనవి చేస్తాను.

11 ఏళ్ల క్రితం డిసెంబరు నెల. అర్ధ సంవత్సర పరీక్షలు జరుగుతున్నాయి. ఏడవ తరగతి చదువుతున్న ఒక బాలికకు మూడు రోజుల ముందు కాలిలో మేకు దిగింది. ఇంట్లో పసుపు అద్ది గుడ్డ కట్టారు. జ్వరం వస్తే మాత్ర వేశారు. పరీక్ష తప్పిపోతుందన్న భయంతో ఆ పిల్ల పట్టుబట్టి బడికి వచ్చింది. పరీక్ష గదిలో బల్లమీద తల వాల్చివేస్తే, ఉపాధ్యాయిని చేయి పట్టుకొని నా గదికి తీసుకువచ్చారు. నేను నుదుటిమీద చేయి పెట్టి చూశాను. కాలడం లేదు. “జ్వరం లేదు కదా! రాత్రి మేలుకొని చదివి ఉంటుంది. కాసేపు పడుకోబెట్టండి. సాయంత్రం వాళ్ల అమ్మ వచ్చి తీసుకువెళ్తుంది” అన్నాను. ఆ మాట అన్నది మరెవరో కాదు, నేనే.

అరగంట గడవకముందే మా ఆయమ్మ పరుగున వచ్చింది. “అమ్మగారూ! పాప వాలకం నాకేమీ బాగా లేదు. కాళ్లూ చేతులూ మంచులా ఉన్నాయి. నీళ్ల గ్లాసు పట్టుకోలేకపోతోంది. పొద్దుట్నుంచీ ఒంటికి పోలేదంట. నన్ను చూసి వాళ్ల అవ్వ అనుకొని మాట్లాడుతోంది” అన్నది. అప్పుడు గాని నాకు మెలకువ రాలేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఆ పాప 11 రోజులు ఆసుపత్రిలో ఉన్నది. అందులో మొదటి నాలుగు రోజులు ఇంటెన్సివ్ కేర్‌లో. దైవానుగ్రహం వల్ల, వైద్యుల కృషి వల్ల బ్రతికి బయటపడింది. ఇంకొక రెండు మూడు గంటలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. ఆనాడు వారి నోట నేను విన్న మాట ‘సెప్సిస్’.

చదువుకున్న దానను, అనుభవం ఉన్నదానను, నేను ఎక్కడ పొరబడ్డాను? అక్షరం రాని ఆయమ్మ ఎలా పసిగట్టింది? ఈ రెండు ప్రశ్నలూ నన్ను చాలాకాలం వదలలేదు. చదవగలిగినంత చదివాను. మన పూర్వ విద్యార్థులైన వైద్యులను విసిగించి అడిగి తెలుసుకున్నాను. తెలుసుకున్న కొద్దీ నాకొక విషయం ఆశ్చర్యం కలిగించింది. ఈ వ్యాధిని ఏ గుర్తులతో నిర్ణయించాలన్న విషయంలో ప్రపంచంలోని మహావైద్యులే 30 ఏళ్లకు పైగా వాదించుకొంటున్నారు! ఆ వాదం మనకెందుకని అనుకోకండి. మన పిల్లల ప్రాణాలు ఆ వాదంతో ముడిపడి ఉన్నాయి.

ముందుగా మాటను గురించి. మన ఇళ్లలో పుండు చీము పడితే ‘సెప్టిక్ అయింది’ అంటాము. అంటే మన వాడుకలో అది ఒకచోట నిలిచిన గాయపు దోషం. గ్రీకు భాషలో సెప్సిస్ అంటే కుళ్లడమనే అర్థం. కాని నేటి వైద్యులు సెప్సిస్ అనేది చీమును కాదు, పుండునూ కాదు. శరీరంలో ఎక్కడో ఒకచోట సూక్ష్మజీవులు ప్రవేశించినప్పుడు వాటిని ఎదుర్కొనవలసిన దేహరక్షణ వ్యవస్థ అదుపు తప్పి, తన అవయవాలనే దెబ్బతీయడం మొదలుపెడుతుంది. రక్తపోటు పడిపోతుంది. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు ఒకదాని తరువాత ఒకటి నీరసిస్తాయి. దొంగను పట్టవలసిన కాపలాదారు కంగారులో ఇంటివారినే కొట్టినట్లు! న్యుమోనియా నుండి, మూత్రకోశపు ఇన్ఫెక్షన్ నుండి, ప్రసవానంతరం వచ్చే జ్వరం నుండి, కాలికి గుచ్చుకొన్న మేకు నుండి కూడా ఇది రావచ్చు. 2020లో ‘లాన్సెట్’ వైద్యపత్రిక ప్రచురించిన అంచనా ప్రకారం 2017 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ సోకగా, 1 కోటి 10 లక్షల మంది మరణించారు. అంటే ఆ ఏడాది సంభవించిన మొత్తం మరణాలలో దాదాపు ఐదింట ఒక వంతు. వారిలో ఐదేళ్లలోపు పసివారు 29 లక్షల మంది. ఈ తీవ్రతను గుర్తించే 2017 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ సెప్సిస్ నివారణను గురించి ప్రత్యేక తీర్మానం చేసింది.

ఇక వాదం సంగతి. ఇక్కడ నాకు మన శాస్త్రమే సాయపడింది. తెలుగువాడైన అన్నంభట్టు బాలుర బోధ కోసం ‘తర్కసంగ్రహం’ రచించి, దానికి తానే ‘దీపిక’ అనే వ్యాఖ్య వ్రాశాడు. అందులో నిర్వచనానికి ‘లక్షణం’ అని పేరు. లక్షణానికి మూడు దోషాలు చెప్పాడు. ఆవు అంటే ఏమిటి అని అడిగితే, ‘కొమ్ములు కలది’ అని చెప్పామనుకోండి. గేదెకూ మేకకూ కూడా కొమ్ములుంటాయి. ఇది అతివ్యాప్తి, అంటే హద్దు దాటి ఇతరులకూ వర్తించడం. ‘కపిల వర్ణం కలది’ అంటే తెల్లావు ఆవు కాకుండా పోతుంది. ఇది అవ్యాప్తి, అంటే వర్తించవలసిన వాటిని విడిచిపెట్టడం. ‘చీలని గిట్ట కలది’ అంటే ఏ ఆవుకూ వర్తించదు. అది అసంభవం. చివరకు ‘గంగడోలు కలది’ అన్నది నిలిచింది. తమాషా ఏమిటంటే, వైద్యులు వ్యాధి చిహ్నాన్ని కూడా ‘లక్షణం’ అనే అంటారు. తార్కికులకు లక్షణమంటే నిర్వచనం, వైద్యులకు లక్షణమంటే గుర్తు. సెప్సిస్ విషయంలో జరిగిన వాదమంతా ఇంతే: ఏయే గుర్తులను కలిపితే నిర్వచనం అవుతుంది? సెప్సిస్‌కు గంగడోలు ఏది?

1991లో అమెరికాలోని రెండు వైద్యసంఘాలు కలిసి సమావేశమైనప్పుడు రోజర్ బోన్ మొదలైన వైద్యులు మొదటిసారిగా ఒక సూత్రం ఏర్పరచారు. అది 1992లో అచ్చయింది. దానిని ‘సర్స్’ ప్రమాణాలంటారు. గుర్తులు నాలుగు. శరీర ఉష్ణోగ్రత 38 సెంటీగ్రేడు డిగ్రీలకంటె ఎక్కువ గాని, 36 కంటె తక్కువ గాని ఉండడం. నాడి నిమిషానికి 90 సార్లకు మించి కొట్టుకోవడం. శ్వాస నిమిషానికి 20 సార్లకు మించడం. రక్తంలో తెల్లకణాలు 12,000కు మించడం లేదా 4,000కు తగ్గడం. ఇన్ఫెక్షన్ ఉండి, ఈ నాలుగింటిలో ఏ రెండు ఉన్నా సెప్సిస్ అన్నారు.

మొదటి గుర్తును మళ్లీ ఒకసారి వినండి: 38 కంటె ఎక్కువ ‘గాని, 36 కంటె తక్కువ గాని’. ఫారెన్‌హీట్‌లో చెప్పాలంటే 100.4 పైన గాని, 96.8 క్రింద గాని. ఆనాడు నేను నుదురు కాలడం లేదని తృప్తి పడ్డాను. ఇన్ఫెక్షన్ తగిలిన బిడ్డ ఒళ్లు చల్లబడడం కూడా అపాయసూచన కావచ్చునని నాకు తెలియదు.

సర్స్ సూత్రం సులభమైనది, వార్డులో నర్సు కూడా లెక్కించగలిగినది. దానివల్ల వైద్యులు సెప్సిస్‌ను త్వరగా అనుమానించడం నేర్చుకున్నారు. కాని దానిలో అతివ్యాప్తి దోషం ఉన్నది. జలుబు చేసిన పెద్దవారు రెండు అంతస్తుల మెట్లు గబగబా ఎక్కితే నాడి 90 దాటుతుంది, శ్వాస 20 దాటుతుంది. అంతమాత్రాన అది సెప్సిస్ అవుతుందా? 1997లో బెల్జియం వైద్యుడు ఝాన్ లూయి విన్సెంట్ సర్స్‌కే ఉత్తరం వ్రాసినట్లుగా, నీవు నాకు నచ్చలేదని చమత్కారంగా విమర్శించాడు. 2001లో మరొక సమావేశం జరిపి గుర్తుల పట్టికను బాగా పెంచారు. పట్టిక పెరిగింది గాని సందేహం తీరలేదు.

విచిత్రమేమిటంటే అదే సూత్రంలో అవ్యాప్తి కూడా బయటపడింది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలలోని 172 ఇంటెన్సివ్ కేర్ విభాగాలలో ఇన్ఫెక్షన్‌తో పాటు అవయవం దెబ్బతిన్న లక్షకు పైగా రోగుల వివరాలను పరిశీలించి 2015లో ప్రచురించారు. వారిలో సుమారు ఎనిమిదిమందిలో ఒకరికి సర్స్ గుర్తులు రెండు లేనే లేవు. అంత జబ్బుపడిన మనిషి సూత్రానికి అందలేదన్నమాట. కొమ్ములున్న మేక దొడ్లోకి వచ్చింది, తెల్లావు బయటనే నిలిచిపోయింది.

అందువల్ల 2016లో 19 మంది నిపుణుల సంఘం కొత్త నిర్వచనం ప్రకటించింది. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్‌కు దేహం అదుపు తప్పి స్పందించడం వల్ల ప్రాణాపాయం కలిగించేటంతగా అవయవాలు దెబ్బతినడం. దీనికి కొలమానం ‘సోఫా’ అంకెలు. పేరు విని నవ్వకండి, ఇది కూర్చునే సోఫా కాదు. ఊపిరితిత్తులు, రక్తం గడ్డకట్టే గుణం, కాలేయం, రక్తప్రసరణ, మెదడు, మూత్రపిండాలు అనే ఆరింటికి ఒక్కొక్కదానికి సున్న నుండి 4 వరకు మార్కులు. ఇక్కడ మార్కులు పెరగడం అపాయం! ఇన్ఫెక్షన్ వల్ల 2 మార్కులు పెరిగితే సెప్సిస్. అటువంటి రోగులలో సుమారు నూటికి పదిమంది ఆసుపత్రిలో మరణించే అవకాశం ఉన్నదని లెక్క కట్టారు. ఇందుకు రక్తపరీక్షలు కావాలి గనుక, మంచం ప్రక్కన చూడడానికి ‘క్విక్ సోఫా’ అని మూడు గుర్తులు చెప్పారు. శ్వాస 22 గాని అంతకు మించి గాని ఉండడం, స్పృహలో తేడా, పై రక్తపోటు 100 గాని అంతకు తక్కువ గాని ఉండడం. ఇందులో రెండు కనబడితే జాగ్రత్త పడాలి.

దీనిని మెచ్చుకొన్నవారు ఎందరో, తప్పుపట్టినవారూ అందరే. అవయవాలు దెబ్బతిన్న తరువాత పేరు పెట్టడం ఇల్లు కాలిన తరువాత మంట అని చెప్పడం వంటిది కదా అన్నారు. ఈ కొలతలకు ఆధారమైన రోగుల వివరాలు అత్యధికంగా అమెరికా ఆసుపత్రులవి, మలేరియా, డెంగీ ఉన్న దేశాలకు ఇవి సరిపోతాయా అని అడిగారు. చివరకు 2021లో సెప్సిస్ చికిత్సకు మార్గదర్శకాలు రూపొందించే అంతర్జాతీయ సంఘమే, రోగిని మొదట వడపోయడానికి క్విక్ సోఫాను మాత్రమే నమ్ముకోవద్దని స్పష్టంగా చెప్పింది. అంటే అతివ్యాప్తిని దిద్దబోతే అవ్యాప్తి వచ్చింది.

మన చెన్నై విషయానికి వద్దాం. ఈశాన్య రుతుపవనాలు వచ్చాయంటే మన నగరంలో డెంగీ విజృంభిస్తుంది. నల్లి వంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా తమిళనాడులోనూ, ఆంధ్రదేశంలోనూ పిల్లలలో కనబడుతున్నది. రెండింటిలోనూ జ్వరం, వేగమైన శ్వాస, రక్తపోటు పడిపోవడం ఉండవచ్చు. సెప్సిస్ కొలతలలో రెంటికీ మార్కులు పడతాయి. కాని స్క్రబ్ టైఫస్‌కు సాధారణంగా వాడే పెన్సిలిన్ జాతి మందులు పనిచేయవు. దానికి డాక్సీసైక్లిన్ వంటివి కావాలి. డెంగీకి యాంటీబయాటిక్‌తో పనే లేదు, సెలైను ఎక్కించడంలోనే నేర్పంతా ఉన్నది. అందుచేత ‘సెప్సిస్’ అని పేరు పెట్టడంతో పని పూర్తి కాదు, దేనివల్ల అన్నది కూడా తేలాలి. ఒంటిమీద సిగరెట్టు కాల్చినట్లు నల్లని పొక్కు ఉన్నదేమో చూసి వైద్యునికి చెప్పడం తల్లి చేయగలిగిన పని.

పరాయి దేశంలో పుట్టిన సూత్రాన్ని పరీక్షించకుండా తెచ్చుకొంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటున్నది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో వచ్చిన పిల్లలకు వేగంగా సెలైను ఎక్కించడం ధనిక దేశాలలో స్థిరపడిన పద్ధతి. ఉగాండా, కెన్యా, టాంజానియాలలో 3,141 మంది పిల్లలపై జరిపిన పరిశోధన 2011లో వెలువడింది. వేగంగా ఎక్కించిన పిల్లలలోనే మరణాలు ఎక్కువయ్యాయి! మన నగరంలో ఎగ్మూరులోని శిశు ఆరోగ్య సంస్థ వైద్యులు అంతకు ముందే, 2008లో, సెలైను ఎక్కించే వేగాన్ని మార్చి రెండు పద్ధతులను పోల్చి చూశారు. మరణాలలో తేడా కనబడలేదని ప్రకటించారు. మన పిల్లలకు ఏది మంచిదో మన ఆసుపత్రులలోనే తేల్చుకోవాలన్న పట్టుదల ఈ ఊరి వైద్యులకు ఉన్నదనడానికి ఇది నిదర్శనం.

పిల్లల సంగతి అసలే వేరు. పెద్దవారి సూత్రంతో మా ఒకటవ తరగతిని కొలిస్తే, ఆటల పీరియడు ముగిసిన వెంటనే తరగతి మొత్తాన్ని ఆసుపత్రికి పంపవలసి వస్తుంది. ఐదేళ్ల బిడ్డకు కూర్చున్నప్పుడు కూడా నాడి 100 దరిదాపుల్లో ఉండడం సహజం. అందుకే 2005లో వయసును బట్టి అంకెలు మార్చి పిల్లలకు ప్రత్యేక ప్రమాణాలు ఏర్పరచారు. వాటిలోనూ అతివ్యాప్తి తప్పలేదు. 2024 జనవరిలో ‘జామా’ వైద్యపత్రికలో పిల్లల సెప్సిస్‌కు ‘ఫీనిక్స్’ ప్రమాణాలు వెలువడ్డాయి. ఊపిరితిత్తులు, రక్తప్రసరణ, రక్తం గడ్డకట్టడం, మెదడు అనే నాలుగింటికి మార్కులు వేసి, ఇన్ఫెక్షన్ ఉన్నదని అనుమానించిన బిడ్డకు 2 గాని అంతకు మించి గాని వస్తే సెప్సిస్ అన్నారు. ఆరు ఖండాలకు చెందిన 35 మంది నిపుణులు దీనిని రూపొందించారు. వారిలో మన చెన్నైలో వైద్యం చేస్తున్న డాక్టర్ సుచిత్రా రంజిత్ ఒకరు, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టర్ రాకేష్ లోధా మరొకరు. 30 లక్షలకు పైగా వైద్య సందర్భాలను పరిశీలించారు. అమెరికాతో పాటు కొలంబియా, బంగ్లాదేశ్, చైనా, కెన్యా దేశాల ఆసుపత్రులు కూడా వివరాలు ఇచ్చాయి. మన దేశపు ఆసుపత్రి ఆ జాబితాలో లేదు. నిర్ణయించే బల్ల దగ్గర మనకు చోటు దొరికింది గాని, లెక్కలో మన పిల్లలు లేరు. ఈ లోటు తీరవలసి ఉన్నది.

ఆ పరిశోధనలోని ఒక లెక్క నన్ను కలచివేసింది. ఫీనిక్స్ ప్రమాణం ప్రకారం సెప్సిస్ అని తేలిన పిల్లలలో, వసతులున్న చోట ఆసుపత్రిలో మరణించినవారు నూటికి 7.1 మంది. వసతులు తక్కువైన చోట నూటికి 28.5 మంది. ప్రమాణం ఒక్కటే, మార్కులూ ఒక్కటే. బిడ్డ పుట్టిన చోటును బట్టి ఫలితం నాలుగు రెట్లు మారిపోయింది. నిర్వచనం ఎంత చక్కగా కుదిరినా, దాని వెనుక మంచమూ మందూ నర్సూ లేకపోతే అది కాగితం మీదనే ఉండిపోతుంది.

ఫీనిక్స్ రూపకర్తలు మరొక మాట కూడా నిజాయితీగా చెప్పారు. ఇది సెప్సిస్ ఉన్నదని నిర్ధారించడానికే గాని, రాబోతున్నదని ముందుగా పసిగట్టడానికి కాదు అన్నారు. నా దృష్టిలో ఈ వాదమంతటికీ కీలకం ఇక్కడ ఉన్నది. మనం ఒకే సూత్రం నుండి రెండు పనులు ఆశిస్తున్నాము. ఒకటి, ఇది ఫలానా వ్యాధి అని పేరు పెట్టడం. పరిశోధనకు, చికిత్సలను పోల్చడానికి, మరణాలను లెక్కించడానికి అది కావాలి. అక్కడ అతివ్యాప్తి దోషమే, సూత్రం బిగువుగా ఉండాలి. రెండవది, అపాయాన్ని ముందుగా అనుమానించడం. ఇక్కడ సూత్రం వదులుగా ఉండాలి. పదిమందిని అనవసరంగా చూపించి తీసుకురావడం నష్టమే, కాని ఒక్కరిని వదిలివేయడం తీరని నష్టం. మొదటిది ఇంటెన్సివ్ కేర్ వైద్యుని పని. రెండవది తల్లి పని, ఉపాధ్యాయుని పని, ఆయమ్మ పని. మాకు నిర్వచనం అక్కరలేదు, గుర్తులు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1990 దశకంలో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు ఇచ్చిన పాఠం ఇటువంటిదే. ఐదేళ్లలోపు బిడ్డ తాగలేకపోయినా, తిన్నదంతా కక్కినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా ఆలస్యం చేయక పంపమన్నారు. ఏడాది నుండి ఐదేళ్ల వయసు బిడ్డ దగ్గుతో నిమిషానికి 40 గాని అంతకు మించి గాని శ్వాస తీస్తే అపాయం శంకించమన్నారు. గడియారం చాలు, ప్రయోగశాల అక్కరలేదు.

అయితే అనుమానం వచ్చిన ప్రతిసారీ యాంటీబయాటిక్ మింగించమని నా ఉద్దేశం కాదు. ఇక్కడ ఒక తెలుగువాని పేరు తలచుకోవాలి. భీమవరంలో జన్మించి, మన తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలులోనూ, మద్రాసు మెడికల్ కాలేజీలోనూ చదువుకొన్న యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయానికి నాయకత్వం వహిస్తున్నప్పుడే, ఆయన సహచరుడు బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ జాతికి అదే మొదటి మందు. 1948లో అది లోకానికి వెల్లడైంది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. స్క్రబ్ టైఫస్‌కు వాడే డాక్సీసైక్లిన్ కూడా ఆ వంశంలోనిదే. అటువంటి అమూల్యమైన మందులను మనం జలుబుకూ తలనొప్పికీ కొని వాడి మొద్దుబార్చుకొంటున్నాము. 2012 ఆగస్టులో దేశంలోని వైద్యసంఘాలు ఇదే నగరంలో సమావేశమై, యాంటీబయాటిక్‌ల దుర్వినియోగాన్ని అరికట్టడానికి ‘చెన్నై ప్రకటన’ను వెలువరించాయి. కాబట్టి మనం త్వరపడవలసింది మందుల దుకాణానికి పోవడంలో కాదు, వైద్యుని వద్దకు పోవడంలో. అనుమానించడం మన వంతు, మందు నిర్ణయించడం వారి వంతు.

ఆలస్యం ఎంత పని చేస్తుందో చెప్పే ఉదంతం ఒకటి బడితోనే ముడిపడి ఉన్నది. 2012 మార్చిలో న్యూయార్కు నగరంలో రోరీ స్టాంటన్ అనే 12 ఏళ్ల బాలుడు పాఠశాల వ్యాయామశాలలో బంతి కోసం దూకి మోచేయి గీరుకొన్నాడు. మరునాటికి జ్వరం, వాంతులు, కాలినొప్పి. కడుపులో తేడా చేసిందని చూసి ఇంటికి పంపారు. తెల్లకణాలు విపరీతంగా పెరిగినట్లు చూపే రక్తపరీక్ష ఫలితం అతడు ఇల్లు చేరిన తరువాత వచ్చింది. ఏప్రిల్ 1న ఆ బిడ్డ మరణించాడు. తల్లిదండ్రులు దుఃఖాన్ని దిగమింగి పోరాడితే, 2013లో న్యూయార్కు రాష్ట్రం ప్రతి ఆసుపత్రీ సెప్సిస్‌ను త్వరగా గుర్తించి చికిత్స చేసే నియమావళిని పాటించాలని శాసించింది. వాటిని ‘రోరీ నిబంధనలు’ అంటారు. తరువాత ఆ రాష్ట్రంలోని 149 ఆసుపత్రుల వివరాలను పరిశీలించి 2017లో ప్రకటించిన పరిశోధనలో, చికిత్స ఒక్కొక్క గంట ఆలస్యమైన కొద్దీ మరణావకాశం సుమారు 4 శాతం చొప్పున పెరిగినట్లు తేలింది.

ఇంగ్లండులో 2021లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ల బాలిక సెప్సిస్‌తో మరణించింది. బిడ్డ పరిస్థితి విషమిస్తున్నదని తల్లి మొరపెట్టుకొన్నా వినిపించుకోలేదు. ఆ తల్లి కృషి ఫలితంగా 2024 నుండి అక్కడి ఆసుపత్రులలో ‘మార్తా నియమం’ అమలులోకి రాసాగింది. రోగి పరిస్థితి దిగజారుతున్నదని కుటుంబానికి అనిపిస్తే, వేరొక వైద్యబృందం వెంటనే వచ్చి చూడాలని కోరే హక్కు అది. బిడ్డ తీరు మారిందని చెప్పే తల్లి మాట కూడా ఒక గుర్తుగానే లెక్కకు రావాలని ఆధునిక వైద్యం ఒప్పుకొన్నదన్నమాట. మా ఆయమ్మ 11 ఏళ్ల క్రితం చెప్పిన మాట అదే: “పాప వాలకం బాగా లేదు.”

ఇప్పుడు తల్లిదండ్రులకు నా విన్నపం. దెబ్బ తగిలిన తరువాత గాని, జ్వరమో దగ్గో విరేచనమో వచ్చిన తరువాత గాని ఈ గుర్తులలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారనిమ్మని ఆగవద్దు: శ్వాస వేగంగా ఆడడం, కాళ్లు చేతులు చల్లబడడం, లేపినా మత్తుగా ఉండడం లేదా తికమకగా మాట్లాడడం, చాలాసేపు మూత్రం రాకపోవడం, ఒళ్లు మచ్చలు మచ్చలుగా పాలిపోవడం. మన చర్మఛాయలో పాలిపోవడం సులువుగా కనబడదు గనుక పెదవులు, నాలుక, అరచేతులు చూడండి. వేలి కొనను ఐదు సెకన్లు నొక్కి వదిలితే, మూడు సెకన్లలోగా మళ్లీ రంగు రావాలి. జ్వరం లేదని మాత్రం నిశ్చింతగా ఉండకండి. ఆసుపత్రికి వెళ్లాక, తెలుగులో గాని, తమిళంలో గాని, వచ్చిన భాషలో ఒక్క ప్రశ్న అడగండి: “డాక్టర్‌గారూ, ఇది సెప్సిస్ కావచ్చునా?” అడిగినందుకు ఏ మంచి వైద్యుడూ కోపగించుకోడు.

మా పాఠశాల విషయం. ఆనాటి సంఘటన తరువాత కూడా మా నియమం పాతదే. అస్వస్థుడైన పిల్లవాణ్ణి బయటికి పంపాలంటే ప్రధానోపాధ్యాయురాలి సంతకం కావాలి. ఆ సంతకం కోసం ఆగిన అరగంటను నేను మరచిపోలేదు. పాలకవర్గం అనుమతితో ఈ జూబిలీ సంవత్సరం నుండి ఆ నియమాన్ని రద్దు చేస్తున్నాము. ఉపాధ్యాయులైనా, ఆయమ్మలైనా, కాపలాదారైనా, బిడ్డ తీరు మారిందని తోచిన ఎవరైనా నా అనుమతితో నిమిత్తం లేకుండా 108కి ఫోను చేయవచ్చు. అనుమానం పొరపాటని తరువాత తేలినా వారిని ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. పడుకోబెట్టిన ప్రతి బిడ్డనూ పావుగంటకొకసారి చూసి శ్వాస, స్పృహ, చేతుల చల్లదనం వ్రాసే పుస్తకం ఒకటి పెడుతున్నాము. ఆ పుస్తకం వ్రాయడంలో తొలి శిక్షణను మన పూర్వ విద్యార్థులైన వైద్యులు ఇస్తామన్నారు. వారికి కృతజ్ఞతలు.

నిపుణుల వాదం కొనసాగుతూనే ఉంటుంది. కొనసాగాలి కూడా. సూత్రం తప్పని తేలినప్పుడు దిద్దుకోవడానికి సిగ్గుపడకపోవడమే శాస్త్రానికి శోభ. 1991లో చేసినదాన్ని 2001లోను, 2016లోను, 2024లోను దిద్దుకొన్నారు. రేపు మళ్లీ దిద్దుకొంటారు. ఆ లెక్కలోకి మన పిల్లలు కూడా వచ్చేటట్లు చూడవలసిన బాధ్యత ఈ సభలో ఉన్న వైద్యులది. ఈ తరగతి గదులలో కూర్చొని రేపు వైద్యులు కాబోయే పిల్లలది కూడా.

ఆ ఏడవ తరగతి పాప పెద్దదై, ఉద్యోగం చేసుకొంటూ, ఈ రోజు ఈ సభలోనే కూర్చొని ఉన్నది. పేరు చెప్పవద్దని కోరింది. మా ఆయమ్మ పదవీ విరమణ చేసి మూడేళ్లయింది. ఆమెను ఈ వేదికమీదికి పిలిచి, మీ అందరి సమక్షంలో ఈ శాలువా కప్పే భాగ్యాన్ని నాకు ప్రసాదించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.